ఒక్క గడే దిగింది

మేడమీద మాస్టారి రేడియో గది. ఆయన కింద ఉన్నారు, పిలిస్తే పలికేంత దగ్గరలోనే. పైన ఇద్దరే ఇద్దరు: రేడియో క్లబ్బు కార్యదర్శి హోదాలో వచ్చిన అల్లుడు, ఏ హోదా అక్కర్లేకుండా వచ్చిన అత్తగారు. బల్లమీద సెట్టు మాస్టారిది. దాని పక్కనున్న బుల్లి యంత్రం అల్లుడిది.

“ఇదా? దీన్ని చూసుకునా తమరు మాస్టారి నోరు మూయించింది?”

“అత్తయ్యగారూ, అలా తిప్పకండి, స్క్రీను—”

“పెద్దదేదో ఉంటుందనుకుని మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కానండీ. ఇది నా మందుల డబ్బా అంత కూడా లేదే! ప్లాస్టిక్కేనా? ప్లాస్టిక్కే. పైగా తోకొకటి.”

“అది యూఎస్‌బీ తీగ. ల్యాప్‌టాప్‌కి పెడితే గ్రాఫు పెద్దగా కనబడుతుంది. దీన్ని స్పెక్ట్రమ్ ఎనలైజర్ అంటారత్తయ్యగారూ. సెట్టులోంచి ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బయటికొస్తోందో గీత గీసి—”

“ఆగండాగండి. స్పెక్ట్రమ్ ఎనలైజర్ అంటే ఏమిటో తమరు నాకు చెప్తున్నారా?”

“అంటే, నా ఉద్దేశం అది కాదు...”

“నేను రేడియో సెట్లు కట్టిన వర్క్‌షాపులో ఉండేది. ఇద్దరు మోస్తే గానీ కదిలేది కాదు. దానికో గది, ఆ గదికో తాళం, ఆ తాళంచెవి నా దగ్గర. అది వేడెక్కేదాకా నోరు మూసుకుని కూర్చుని అప్పుడు కొలిచేవాళ్ళం. ఇప్పుడేముంది! జేబులోంచి తీస్తారు, టకామని గుచ్చుతారు, ఒక ఫొటో తీస్తారు, ఒక మనిషి పరువు తీస్తారు.”

“చవకదని అలా తీసిపారేయకండి. మాలాగా సరదాకి రేడియో నడిపేవాళ్ళు ఆ పెద్దపెట్టెలు ఎక్కడ కొంటారు? ఇప్పుడు అందరం ఇవే వాడుతున్నాం.”

“వాడండి. ఎవరొద్దన్నారు? అందరూ ఫొటో తీసి గ్రూపులో పెట్టి, ‘మాస్టారి సెట్టు మురికి చిమ్ముతోంది’ అని రాశారా? మురికట! చిన్నప్పుడు నాకు మోర్సు కోడు నేర్పిన మనిషండీ ఆయన.”

“నేను కార్యదర్శిగా రాశాను. అల్లుడిగా కాదు.”

“అబ్బో! రెండూ ఒకే మొహంమీద ఉంటే ఏది ఎవరిదో నాకెలా తెలుస్తుంది?”

“ఫిర్యాదు నేను పుట్టించింది కాదత్తయ్యగారూ. మాస్టారు ఏడు మెగాహెర్ట్జ్ దగ్గర మాట్లాడుతుంటే నాకు ఇరవై ఒకటి దగ్గర వినబడుతోంది. సరిగ్గా మూడింతలు. అక్కడ వేరేవాళ్ళు మాట్లాడుకోవాలి కదా? ఎదురువీధి మెకానిక్కూ విన్నాడు.”

“ఎవరూ, ఆ సైలెన్సర్లు బాగుచేసేవాడా? పొద్దస్తమానం ఢమఢమల మధ్య కూర్చునేవాడి చెవులు తమరికి సాక్ష్యమా?”

“అందుకే కదా కొలిచింది. కొలిస్తే ఒకటి కాదు, గ్రాఫునిండా బయటపడ్డాయి. అడవిలా ఉంది.”

“అడవి! అంత అడవి కనబడితే తమరికి అనుమానం రాలేదూ? సంతోషం వచ్చింది. కదూ?”

“సంతోషమేంటండీ...”

“ఫొటో కింద నవ్వుతున్న బొమ్మ పెట్టారుగా. చూశాను.”

“అది పొరపాటున పడింది.”

“తమరి జీవితంలో అన్నీ పొరపాటున పడేవే. మా అమ్మాయితో సహా.”

“అత్తయ్యగారూ!”

“సరే, అది వదిలేయండి. భార్య పోయాక మాస్టారికి సాయంత్రం ఒక పలకరింపంటూ ఉందంటే ఆ రేడియోలోనే. ‘బాగున్నారా మాస్టారూ’ అని పదిచోట్లనుంచి పదిమంది అడిగేవాళ్ళు. తమరి ఫొటో పుణ్యమా అని ఆయన మైకు ముట్టుకోవడం మానేశారు. ఇవాళ ఏరియల్ కూడా దింపించేస్తున్నారు. నిచ్చెనవాళ్ళకి చెప్పేశారు, తెలుసా?”

“నేను దింపమనలేదు.”

“అననక్కర్లేదు. సాయంత్రం కమిటీ కూర్చుని లైసెన్సు ఆఫీసుకి రాస్తుందట కదా. ఆ రాతకోతలదాకా ఆగకుండా ఆయనే తప్పుకుంటున్నారు.”

“నిజం చెప్పనా? నాకూ అదే అర్థం కావట్లేదు. ఫొటో తెచ్చి చూపించాను. కాదంటారనుకున్నాను. కోప్పడతారనుకున్నాను. ‘అలాగే నాయనా, ఆపేస్తాలే’ అన్నారు. అంతే. తప్పు లేనివాళ్ళు కాదంటారు కదా?”

“ఆయన మర్యాదస్తుడు. తమరిలాంటివాళ్ళతో వాదించడు. ఆ పని చెయ్యడానికి నేనున్నాను.”

“ఉన్నారు.”

“ఏమిటా గొణుగుడు?”

“ఏం లేదు. కొలుద్దామా?”

“కొలుద్దాం. దానికి ముందు ఒక్కటి చూడండి. సెట్టు వెనక ఆ రేకుడబ్బా ఏమిటి?”

“ఫిల్టరు. అసలు ఫ్రీక్వెన్సీని వదిలి పైవాటిని బయటికి పోకుండా ఆపుతుంది.”

“ఎవరు కట్టారు?”

“మీరే. కిందటేడు. మాస్టారి చేతులు వణుకుతున్నాయని.”

“మూత మరలమీద ఆ ఎర్రచుక్కలు ఏమిటి?”

“మీ గోళ్ళరంగు. మర కదిల్తే రంగు పగిలి తెలిసిపోతుంది.”

“ఆ చుక్కలున్న ఏ డబ్బానీ క్లబ్బులో ఇన్నేళ్ళుగా ఎవరూ తెరవలేదు. తెరవాల్సిన పని పడలేదు. ఇప్పుడు మాస్టారి సెట్టు మురికంటే అర్థమేమిటి? నా డబ్బా పనిచేయట్లేదని. ఆ మాట నా మొహంమీద అనండి చూద్దాం.”

“నేను ఫిల్టరు ఊసే ఎత్తలేదు.”

“ఎత్తుతారా! ఎత్తే మొహమేనా! తమరు టంకం పెట్టిన చార్జరు నాకు గుర్తుందండీ. తీగ కాలు గాల్లో, టంకం బల్లమీద. మా అమ్మాయి దాన్ని గోడకి గుచ్చగానే ఇల్లంతా చీకటి.”

“ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో సంగతి...”

“టంకం అంటని కాలు ఒక్కటి కనబడితే చాలు, ఆ మనిషిని మళ్ళీ సోల్డరింగ్ ఐరన్ ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. వర్క్‌షాపులో అదే నా చట్టం. ఎంతమంది ఏడ్చారో! ఒకడైతే కాళ్ళమీద పడ్డాడు. కాళ్ళు పట్టుకుంటే టంకం అంటుకుంటుందా అన్నాను.”

“ఆ కథ విన్నానండి. చాలాసార్లు.”

“మళ్ళీ వినండి, నష్టం లేదు. సరే, ఒప్పందం. కొలిచాక తప్పు ఎవరిదని తేలితే వాళ్ళు ఇవాళ సాయంత్రం అందరూ వింటుండగా రేడియోలో తమ నోటితో చెప్పాలి. మాస్టారిని క్షమించమని అడగాలి. ఆ చెప్పేది కార్యదర్శో అల్లుడో తర్వాత తేల్చుకోవచ్చు.”

“ఎవరిదైనా?”

“ఎవరిదైనా.”

“సరే.”

“భలే ధైర్యం. ముందు తమరు ఆవేళ ఎలా కొలిచారో సరిగ్గా అలాగే పెట్టండి. ఏమీ దిద్దకండి.”

“ఏరియల్ తీగ పీకేశాను. సెట్టుకి ఈ రెక్కలున్న నల్లడబ్బా. ఇది సిగ్నల్ని తగ్గిస్తుంది. దీన్నుంచి నేరుగా నా యంత్రానికి.”

“మధ్యలో ఇంకేం పెట్టలేదూ?”

“ఇంకేం పెట్టాలి?”

“ఏం లేదులెండి. నేను మీట నొక్కుతాను. గ్రాఫులో ఎన్ని ముళ్ళు లేచాయో లెక్కపెట్టి చెప్పండి.”

“మీరే చూడండి, స్క్రీను ఇటు తిప్పుతాను.”

“నా కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను.”

“మీ తలమీదే ఉందత్తయ్యగారూ.”

“ఇది దూరానికి. చెప్పమంటే చెప్పండి, మీకేమైనా నోరు అరిగిపోతుందా?”

“మీ అమ్మాయి కంటి డాక్టరుతో ఎప్పుడో మాట్లాడి పెట్టింది. మీరే రానంటున్నారు.”

“నా కళ్ళ సంగతి నాకొదిలేసి ముళ్ళు లెక్కపెట్టండి. నొక్కాను.”

“ఏడు దగ్గర పెద్దది. పద్నాలుగు దగ్గరొకటి. ఇరవై ఒకటి దగ్గరొకటి. ఇరవై ఎనిమిది. ముప్పై అయిదు. వీటి మధ్యమధ్యలో బోలెడు. అదే ఫొటో. చూశారా? నేను అబద్ధమేమీ చెప్పలేదు.”

“చూస్తున్నా. కిందటి గ్రహణంకంటే బాగుంది. ఇప్పుడు నా సంచి ఇటివ్వండి. ఇదిగో, ఈ ఇత్తడి ముక్క. ఏమిటిది?”

“అటెన్యుయేటర్. సిగ్నల్ని ఇంకో పది డీబీ తగ్గిస్తుంది.”

“గ్రాఫులో ఎంత?”

“ఒక గడి.”

“దీన్ని మధ్యలో బిగిద్దాం. అయ్యో, దీని మూతి పెద్దది, తమరి ఆటబొమ్మ మూతి చిన్నది. మధ్యలో కలిపే ముక్క కావాలి. పై సొరుగులో ఉండాలే—”

“అమ్మా! పై సొరుగు లాగకు! అది ఇరుక్కుపోయింది. కింద సొరుగులో ఉన్నాయి అన్నీ.”

“సరే మాస్టారూ! చూశారా, కిందనుంచే సొరుగు చప్పుడు పట్టారు. చెవులంటే అవీ. సైలెన్సర్లవాడివి కావు.”

“ఇదిగోండి ముక్క. ఇవ్వండి, నేను బిగిస్తాను.”

“నాకు రాదా? ఇదేమిటి, దూరదేం?”

“అది కాదు. పక్క కన్నం.”

“తెలుసు. తుడుస్తున్నాను. హా, బిగిసింది. ఇప్పుడు వినండి, కాగితం మీద రాసుకుంటారో గుండెలమీద రాసుకుంటారో మీ ఇష్టం. చెవి పక్కన నోరు పెట్టి కేకేస్తే చెవి గింగుర్లెత్తుతుంది. ఆ గింగురు కేకేసినవాడి గొంతులో ఉందా, విన్నవాడి చెవిలో ఉందా?”

“చెవిలో.”

“తమరి బుల్లి యంత్రం చెవిలో తమరు పెద్ద కేక పెట్టారు. తట్టుకోలేక అది లోపల్లోపల ముళ్ళు పుట్టించుకుంది. తమరు వాటిని మాస్టారి ముళ్ళని ఊరంతా చాటారు.”

“కావచ్చేమో గానీ... తేడా ఎలా తెలుస్తుంది?”

“అదీ అడగాల్సింది. ఫొటో పెట్టకముందు అడగాల్సింది! ఒక గడి తగ్గించాం కదా. ఏడు దగ్గరున్న అసలుది ఒక గడి దిగుతుంది. సెట్టులోంచి నిజంగా వచ్చే ముల్లయితే అది కూడా ఒక్క గడే దిగాలి. యంత్రంలో పుట్టినదైతే రెండు మూడు గడులు కూలిపోతుంది, లేదా మొత్తానికే మాయమైపోతుంది. దిగిన గడులు లెక్కపెడితే దొంగెవరో తెలిసిపోతుంది. అర్థమైందా, మళ్ళీ చెప్పాలా?”

“అర్థమైంది. సమానంగా దిగితే నిజం, కూలిపోతే యంత్రం సొంత కవిత్వం.”

“ఆహా, ఇన్నేళ్ళకి ఒక్క మాట పట్టుకున్నారు. ఈ రోజు మా అమ్మాయికి చెప్పాలి.”

“అమ్మా, నిచ్చెనవాళ్ళు వచ్చారు. పైకి పంపనా?”

“వద్దు మాస్టారూ! కూర్చోబెట్టి టీ ఇవ్వండి. ఏరియల్ దించే పనిలేదు. కొంచెం ఆగితే మీ సెట్టు తులసాకంత శుభ్రమని మీ కార్యదర్శే చెప్తాడు!”

“ఇప్పుడదంతా ఎందుకమ్మా... పోనీలే అన్నాను కదా.”

“పోనీడానికి వీల్లేదు! ఊఁ, నొక్కాను. చదవండి.”

“ఏడు దగ్గరిది... ఒక గడి దిగింది.”

“దిగాలి. తర్వాత?”

“పద్నాలుగు... లేదు. అరే, లేదు! ఇరవై ఎనిమిది కూడా పోయింది. ముప్పై అయిదు పోయింది. మధ్యలోవి... అబ్బ! ఒక్కటీ లేదు!”

“ఏం లేదు?”

“అడవి లేదు.”

“అడవి లేదు! వినబడట్లేదు, గట్టిగా అనండి. కిందికి వినబడాలి.”

“అడవి లేదండీ!”

“ఎక్కడికి పోయింది మరి? ఎవరైనా నరుక్కుపోయారా? ఫొటోలో ఉందిగా! ఆ నవ్వుతున్న బొమ్మ కూడా ఉందిగా! ఒక ఇత్తడి ముక్క, నా బొటనవేలంత, అది పెట్టి చూసే బుద్ధి లేక పెద్దమనిషిని దోషిలా నిలబెట్టారు. పైగా కార్యదర్శి! కార్యదర్శి అంటే కుర్చీ ఎక్కి కూర్చోవడమా? తమరు పనిచేసే బీమా ఆఫీసులో కూడా ఇంతేనా? బతికున్నవాడి ఫొటో తీసి పోయాడని రాసేస్తారా?”

“అత్తయ్యగారూ...”

“సాయంత్రం ఏమనాలో నేను రాసిస్తాను. ‘నేను ఒట్టి—’”

“అత్తయ్యగారూ, ఒకటి ఉంది.”

“ఏమిటుంది?”

“ముల్లు. ఇరవై ఒకటి దగ్గర. నాకు వినబడిందని చెప్పానే, అక్కడే.”

“కూలిపోయుంటుంది. ఇంకొంచెం అవశేషం ఉండొచ్చు.”

“కూలలేదు. దిగింది. ఒక్క గడే దిగింది.”

“సరిగ్గా చూడండి.”

“సరిగ్గానే చూస్తున్నా. ఏడు దగ్గరిది ఒక గడి. ఇదీ ఒక గడి.”

“కేబులు.”

“ఏమిటి?”

“కేబులు వదులయ్యుంటుంది. నాకు తెలుసు ఈ కేబుళ్ళ సంగతి. మార్చండి.”

“మార్చాను. నొక్కండి. అలాగే ఉంది.”

“తమరి చెయ్యి దాని పక్కన పెట్టారు. చెయ్యి తీయండి.”

“తీశాను. ఉంది.”

“ఉంటుంది, ఉండక ఏం చేస్తుంది? ఆటబొమ్మ! ఆటబొమ్మ మాటకి విలువేమిటి? ముందే చెప్పాను, ప్లాస్టిక్కు, తోక...”

“ఇందాక ఇదే ఆటబొమ్మ మాటమీద నన్ను బీమా ఆఫీసుదాకా ఈడ్చారు కదా.”

“అది వేరు.”

“ఏం వేరు?”

“వేరంటే వేరు. సంచిలో ఇంకో ఇత్తడి ముక్క ఉంది, అదీ పెట్టండి.”

“పెట్టాను. ఇంకో గడి తగ్గాలి. నొక్కండి... ఏడు దగ్గరిది ఒక గడి. ఇది కూడా ఒక్క గడే. సమానంగా దిగితే నిజం అన్నారు.”

“నేనేమన్నానో నాకు తెలుసు.”

“అంటే ఇది సెట్టులోంచే వస్తోంది. ఫిల్టరు దాన్ని ఆపట్లేదు.”

“నోరు జారకండి.”

“నేను అడవి చూపించి తప్పు చేశాను, ఒప్పుకుంటున్నాను. సాయంత్రం చెప్తాను కూడా. కానీ ఈ ఒక్కటి—”

“ఫిల్టరు నేను కట్టాను. విన్నారా? నేను కట్టాను. తమరికి నిక్కరు తొడుక్కోవడం రాని రోజుల్లో నేను ఓడలకి వెళ్ళే సెట్లు కట్టాను. ఆ స్క్రూడ్రైవరు ఇటివ్వండి.”

“తెరుస్తారా?”

“తెరుస్తాను. లోపల చూసి నోరు మూసుకుంటారు. చుక్కల దగ్గర జాగ్రత్తగా... ఇదేమిటి?”

“ఏమైంది?”

“వేలికి గరుగ్గా తగులుతోంది. రంగు పగిలింది. ఇక్కడా పగిలింది. ఇక్కడా! ఎవరో తెరిచారు దీన్ని!”

“నేను కాదు.”

“తమరు కాక ఇంకెవరు? ఈ గదిలోకి ఫొటోగ్రాఫరులా వచ్చింది తమరే. అదీ సంగతి! నా డబ్బా తెరిచి, లోపల ఏదో కెలికి, ఆ తర్వాత కొలిచి ఫొటో తీశారు. ఎంత పగండీ! అత్తమీద కోపం మాస్టారిమీద తీర్చుకున్నారా?”

“మీ అమ్మాయిమీద ఒట్టు, నేను మర ముట్టుకోలేదు. మీ ఎర్రచుక్కలంటే నాకు భయం. క్లబ్బులో అందరికీ భయమే.”

“చూద్దాం. మూత వచ్చింది. ఇదిగో, కళ్ళు పెట్టి చూడండి. మూడు తీగచుట్టలు. నాలుగు కెపాసిటర్లు. అన్నీ నేను ఎలా పెట్టానో అలాగే ఉన్నాయి. ఒక్కో టంకం ముత్యంలా లేదూ? తప్పు పట్టండి. ఏదీ, పట్టండి!”

“అత్తయ్యగారూ.”

“పట్టండి!”

“మధ్యలో ఆ నీలం కెపాసిటరు. దాని కాలు.”

“దాని కాలుకేం?”

“గాల్లో ఉంది. టంకం అంటలేదు.”

“ఎక్కడ?”

“ఇక్కడే. మీ ఎదురుగా.”

“ఎక్కడండీ?”

“ఇదిగో, వెలుతురులోకి తిప్పాను. చూడండి. కాలుకీ రేకుకీ మధ్య సందు ఉంది.”

“అక్కడ మెరుస్తోందిగా. టంకమే అది.”

“టంకం పక్కన పడింది. కాలుమీద లేదు.”

“ఎక్కడ... ఏదీ... దీపం సరిగ్గా పెట్టండి. మీ నీడ పడుతోంది.”

“నా నీడ కాదత్తయ్యగారూ. మీ వేలు ఇటివ్వండి. ఇదిగో, ఇది. కొంచెం కదపండి. కదులుతోందా?”

“కదులుతోంది.”

“నేను పెట్టింది కాదండీ. నేను నిజంగా ముట్టుకోలేదు.”

“నాకు తెలుసు. ఈ పక్కనున్న గుండ్రటి బొట్టు నాదే. నా చేతి టంకమే. వేలికి తెలుస్తోంది.”

“మరి రంగు పగలగొట్టిందెవరు?”

“నేనేనమ్మా. తెరిచింది నేను.”

“మాస్టారూ! మీరెప్పుడు వచ్చారు పైకి?”

“నువ్వు ‘ఎక్కడ, ఎక్కడ’ అంటున్నప్పుడు. ఆ మాట వినకూడదనే ఇన్నాళ్ళూ...”

“మీరు తెరిచారా? ఎందుకు?”

“ఇరవై ఒకటిలో నా గొంతు పోతోందని నాకూ అనుమానం వచ్చింది. ఈ అబ్బాయి చెప్పకముందే.”

“అనుమానమొస్తే దేనితో చూశారు? మీ దగ్గర ఏముంది చూడ్డానికి?”

“పై సొరుగు లాగు.”

“ఇరుక్కుపోయిందన్నారుగా?”

“లాగమ్మా.”

“అత్తయ్యగారూ... ఇది... ఇది నాదే. అంటే, నాదానిలాంటిదే! అదే ఆటబొమ్మ. తోకతో సహా. రెండు ఇత్తడి ముక్కలు కూడా దానికే బిగించి ఉన్నాయి.”

“మాస్టారూ! అంటే మీరు సరిగ్గా కొలిచారు. అడవి లేదని మీకు తెలుసు. ముల్లు ఒకటే అని తెలుసు. డబ్బా తెరిచి కాలు కూడా చూశారు.”

“చూశాను.”

“చూసి మళ్ళీ మూసేశారు.”

“మూసేశాను. ఒక్క బొట్టు టంకం పెట్టేద్దామనుకున్నాను. చేతులు ఆగవు కదా. వేరేవాళ్ళని పిలిస్తే సాయంత్రానికి క్లబ్బంతా తెలుస్తుంది.”

“నాకు చెప్పొచ్చుగా! నాకెందుకు చెప్పలేదు? ఈ మనిషి మీ గుమ్మంలో నిలబడి మురికంటే ‘అలాగే నాయనా’ అన్నారే! ఏరియల్ దింపేస్తారా? నోరు కట్టేసుకుని గోడలు చూస్తూ కూర్చుంటారా? నామీద జాలా? మీ జాలి ఎవరిక్కావాలండీ! నేనడిగానా?”

“జాలి కాదమ్మా. నీ చట్టం నాకు తెలుసు. టంకం అంటని కాలు ఒక్కటి కనబడితే ఆ మనిషి మళ్ళీ ఐరన్ ముట్టకూడదు. వేరేవాళ్ళ విషయంలో అయితే పోనీ అనిపించేవాణ్ణి. నీ విషయంలో నువ్వు పోనీ అనుకోవు. నాకు మాట్లాడ్డం ఎలాగూ ఇంకెన్నాళ్ళులే అనుకున్నాను. నీకు ఆ ఐరన్ తప్ప ఏముంది?”

“అత్తయ్యగారూ, కూర్చోండి. చట్టం ఏముందండీ, మన ముగ్గురమే కదా ఉన్నాం. మూత పెట్టేద్దాం. నేను సాయంత్రం తప్పంతా నాదేనని—”

“అల్లుడుగారూ.”

“చెప్పండి.”

“నోరు మూసుకోండి. ఒప్పందం ఏమనుకున్నాం? తమరి తప్పు తమరు చెప్పండి, నా తప్పు నేను చెప్తాను. అందులో ఒక్క బొట్టు కూడా తమరి ఖాతాలో వేసుకోవడానికి వీల్లేదు. మాస్టారూ, నిచ్చెనవాళ్ళని పంపించేయండి. సాయంత్రం మీరు సెట్టు ముందు కూర్చోవాలి. మిమ్మల్ని క్షమించమనడానికి ఇద్దరం వరసలో ఉన్నాం.”

“అలాగేనమ్మా. మరి ఐరన్ వేడి చేయనా? నీ చేత్తోనే ఆ ఒక్క కాలూ—”

“చట్టమంటే చట్టమేనండీ. నేను ముట్టను. అల్లుడుగారూ, ఐరన్ పట్టుకోండి.”

“నేనా? నేను పెట్టిన టంకం సంగతి మీకు తెలుసుగా. చార్జరు...”

“తెలుసు. అసహ్యంగా పెడతారు. అయినా తమరికి కాలు కనబడింది. నా వేలి కొస ఎక్కడుందో చూస్తున్నారా? సరిగ్గా దాని కిందే. ముందు కాలు వేడెక్కనివ్వండి, టంకం తర్వాత. తొందరపడకండి.”

“సరే. తెస్తున్నాను... మీ వేలు ఇంకా అక్కడే ఉందేం?”

“ఎప్పుడు తీయాలో తమరే చెప్పాలి. ఐరన్ ఎంత దగ్గరికొచ్చిందో నాకు కనబడదు.”